నాటక విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు: రంగస్థల పదాలు, వాటితో జరిగే పని

నాటకం నేర్చుకోవడానికి వచ్చే కొత్తవాళ్లు దాదాపు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతారు. నిర్వచనాలు చాలామందికి బట్టీ వచ్చే ఉంటాయి. రిహార్సల్‌లో ఆ మాట వినపడగానే ఎవరు ఏం చేయాలో మాత్రం తెలియదు. అందుకే ప్రతి జవాబులోనూ ఆ పదంతో జరిగే పనేమిటో చెప్పే ప్రయత్నం చేశాను. ప్రశ్నలన్నీ వరసగా చదవక్కర్లేదు, కావాల్సిన చోటు నుంచి మొదలుపెట్టండి.

## మొదటి రోజుల్లో

నాటకం, నాటిక, ఏకాంకిక... మూడూ ఒకటేనా?

ప్రదర్శన కోసం రాసిన దేన్నయినా మొత్తంగా నాటకం అంటాం. నిడివిని దృష్టిలో పెట్టుకుని అన్నప్పుడు మాత్రం నాటకం అంటే పూర్తి నిడివి రచన. ఒకే అంకంలో ముగిసేది ఏకాంకిక. అందులో రెండు మూడు దృశ్యాలున్నా అది ఏకాంకికే. ఇప్పుడు నాటిక అని పిలుస్తున్నది చిన్న నిడివి నాటకాన్ని. ఎన్ని నిమిషాలుండాలనేది ప్రదర్శన పెట్టేవాళ్ల నిబంధనను బట్టి ఉంటుంది. సంస్కృత లక్షణ గ్రంథాల ప్రకారం నాటిక అంటే నాలుగు అంకాలుండే వేరే ప్రక్రియ. పరీక్షలో ఏ సందర్భంలో అడిగారో చూసుకుని రాయండి.

అంకం ఎక్కడ ముగుస్తుంది, దృశ్యం ఎక్కడ మారుతుంది?

కాలమో స్థలమో మారితే దృశ్యం మారినట్టు. కథలో ఒక పెద్ద దశ పూర్తయి, ఇక పరిస్థితి మునుపటిలా ఉండదు అనిపించిన చోట అంకం ముగుస్తుంది. రిహార్సల్స్‌లో పనికొచ్చే మూడో లెక్క ఇంకొకటి ఉంది, దాన్ని ఫ్రెంచ్ సీన్ అంటారు. వేదిక మీదికి ఒక పాత్ర వచ్చినా, వేదిక మీంచి ఒక పాత్ర వెళ్లినా కొత్త సీన్ మొదలైనట్టే లెక్క. స్క్రిప్టును ఇలా విడగొట్టుకుంటే ఏ రోజు ఎవరిని రిహార్సల్‌కి పిలవాలో తేలిపోతుంది. నాలుగు డైలాగుల కోసం ఒకరిని మూడు గంటలు కూర్చోబెట్టే బాధ తప్పుతుంది.

దర్శకుడు ఉన్నాడు కదా, మళ్లీ స్టేజ్ మేనేజర్ ఎందుకు?

నాటకం ఎలా ఉండాలో నిర్ణయించేది దర్శకుడు. ఆ నిర్ణయాలన్నీ రాసిపెట్టి, ప్రదర్శనలో అవి అలాగే జరిగేలా చూసేది స్టేజ్ మేనేజర్. తెర లేచాక దర్శకుడికి చేతిలో పనేమీ ఉండదు. అక్కడి నుంచి పెత్తనమంతా స్టేజ్ మేనేజర్‌దే. నటీనటుల కదలికలు, లైట్లు ఎప్పుడు మారాలి, శబ్దం ఎప్పుడు రావాలి అన్నవన్నీ గుర్తులు పెట్టిన స్క్రిప్టు ప్రతిని ప్రాంప్ట్ బుక్ అంటారు. స్టేజ్ మేనేజర్‌కి ఒంట్లో బాగాలేకపోయినా, మరొకరు ఆ పుస్తకం చూసి షో నడిపించగలగాలి. అలా నడవకపోతే అది ప్రాంప్ట్ బుక్ కాదు.

దర్శకుడు అనే ప్రత్యేక ఉద్యోగం మనం అనుకునేంత పాతది కాదు. అంతకుముందు ఆ పని ముఖ్య నటుడో, రచయితో, నాటక సమాజాన్ని నడిపే వ్యక్తో చూసుకునేవారు. జర్మనీలో సాక్స్-మైనింగెన్ డ్యూక్ రెండో జార్జ్ నడిపిన నాటక బృందం 1874 నుంచి 1890 దాకా యూరప్‌లో పర్యటించింది. గుంపు దృశ్యాలలో ఒక్కో మనిషికీ విడిగా పని కల్పించి, సెట్‌నూ దుస్తులనూ నటననూ ఒకే ఆలోచన కిందికి తెచ్చిన ఆ ప్రదర్శనలు దర్శకుడి స్థానాన్ని గట్టిపరిచాయి.

డ్రామటర్గ్ ఏం చేస్తారు?

స్క్రిప్టు గురించి పరిశోధన చేస్తారు, దర్శకుడిని ఇబ్బందిపెట్టే ప్రశ్నలు అడుగుతారు, అనువాదాలనూ కుదింపులనూ సరిచూస్తారు. 1767లో హాంబర్గ్ నాటకశాలలో జర్మన్ రచయిత లెస్సింగ్ చేసిన పనిని దీనికి మొదలుగా చెబుతారు. చిన్న బృందాల్లో ఈ పని సాధారణంగా దర్శకుడి స్నేహితులెవరో చేస్తుంటారు, పేరు మాత్రం పడదు.

## స్క్రిప్టు చేతికొచ్చాక

ట్రాజెడీ అంటే చివర్లో ఎవరో ఒకరు చనిపోవాలా?

అక్కర్లేదు. సోఫోక్లిస్ రాసిన ఈడిపస్ కథలో రాజు చివర్లో కళ్లు పోగొట్టుకుంటాడు గానీ బతికే ఉంటాడు. అయినా ట్రాజెడీ అనగానే అందరూ ముందు చెప్పే ఉదాహరణ అదే. అరిస్టాటిల్ దృష్టిలో ముఖ్యం చావు కాదు, దశ తిరగబడటం. మరీ మంచివాడూ మరీ చెడ్డవాడూ కాని మనిషి, ఏదో పొరపాటు వల్ల సుఖం నుంచి కష్టంలోకి జారిపోవాలి. ఆ పొరపాటే హమార్షియా. దాన్ని 'నాయకుడి దుర్గుణం' అని రాసేస్తుంటారు గానీ, 'తెలియక చేసిన తప్పు' అంటే అసలు అర్థానికి దగ్గరగా ఉంటుంది. చూసేవాళ్లలో జాలి, భయం పుట్టి, అవి ఒక రకంగా తేటపడటం కెథార్సిస్.

ట్రాజెడీకి ఆయన చెప్పిన ఆరు అంగాలు: కథా నిర్మాణం, పాత్ర, ఆలోచన, భాష, సంగీతం, దృశ్యం. వీటిలో కథా నిర్మాణానికి మొదటి స్థానం ఇచ్చాడు. దృశ్యాన్ని కవి కళకు అన్నిటికంటే దూరమైనదిగా చివరికి నెట్టాడు. సెట్ డిజైనర్లు ఈ మాట ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. అయినా ఆయన వాదన తెలిసి ఉండాలి.

క్లైమాక్స్ అంటే చివరి సీనే కదా?

సినిమా భాషలో అంతే. నాటక శాస్త్రంలో అలాగే ఉండాలని లేదు. 1863లో జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ గీసిన అయిదు మెట్ల నమూనాలో పరిచయం, పైకెక్కే చర్య, శిఖరం, కిందికి దిగే చర్య, విపత్తు వరసగా వస్తాయి. శిఖరం సరిగ్గా మధ్యలో ఉంటుంది. నాయకుడు వెనక్కి తీసుకోలేని అడుగు వేసే చోటు అది. మిగతా సగం దాని ఫలితమే.

నాట్యశాస్త్రం రాసిన భరతుడి లెక్క వేరు. ఆరంభం, యత్నం (ప్రయత్నం), ప్రాప్త్యాశ (ఫలం దక్కుతుందన్న ఆశ), నియతాప్తి (దక్కడం ఖాయమవడం), ఫలాగమం (ఫలం దక్కడం) అని అయిదు అవస్థలు చెప్పాడు. ఇక్కడ నడక ఫలం వైపు. ఫ్రైటాగ్ నమూనాను ట్రాజెడీ నుంచి తయారుచేశారు కాబట్టి అది పతనం వైపు నడుస్తుంది. మీ చేతిలో ఉన్న స్క్రిప్టు రెంటిలో దేనికీ అచ్చంగా సరిపోకపోవచ్చు. దాన్ని బలవంతంగా ఇరికించకండి. 'ఏ క్షణం తర్వాత ఇక వెనక్కి వెళ్లడం కుదరదు?' అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

కాలం, స్థలం, కార్యం... ఈ మూడు ఐక్యతల సూత్రం అరిస్టాటిల్‌దేనా?

ఆయన గట్టిగా చెప్పింది కార్యం గురించి మాత్రమే. కథ ఒకే పూర్తి చర్యగా ఉండాలన్నాడు. కాలం విషయంలో, ట్రాజెడీ వీలైనంత వరకు సూర్యుడి ఒక్క చుట్టులో ముగియడానికి చూస్తుందని మాట వరసకి అన్నాడు. స్థలం ఊసే లేదు. మూడింటినీ కలిపి కట్టుదిట్టమైన నియమంగా మార్చింది 16వ శతాబ్దపు ఇటలీ వ్యాఖ్యాతలు, ముఖ్యంగా 1570లో కాస్టెల్‌వెట్రో.

సబ్‌టెక్స్ట్ అంటే ఏమిటో ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు. ఉదాహరణ ఇవ్వండి.

పాత్ర నోటితో అనే మాట కింద, అనకుండా దాచుకున్న మాట సబ్‌టెక్స్ట్. పదేళ్ల తర్వాత కలిసిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు 'వాన వచ్చేలా ఉంది' అంటాడు. రెండోవాడు 'గొడుగు తెచ్చుకున్నాను' అంటాడు. కాగితం మీద ఇది వాతావరణం గురించిన సంభాషణ. మొదటివాడి మనసులో 'ఈ పూట ఉండిపోరా' అని ఉందనుకోండి, రెండోవాడి మనసులో 'నేను ఉండను' అని ఉందనుకోండి. ఇప్పుడు అవే రెండు వాక్యాలు మళ్లీ చదవండి. గొడుగు అనే మాట గుచ్చుకుంటుంది.

ఇందులో కొత్తవాళ్లకి రెండు చిక్కులు. ఒకటి, దాచాల్సిన మాటను ముఖంలో ప్రదర్శించేయడం. దాచడమే పాత్ర చేస్తున్న పని కాబట్టి, నటుడు కూడా దాచడానికే ప్రయత్నించాలి. పట్టుకోవడం ప్రేక్షకుల వంతు. రెండోది, ప్రతి వాక్యం కిందా ఏదో ఉండాలని తవ్వడం. 'తలుపు వెయ్యి' అంటే ఒక్కోసారి తలుపు వెయ్యమనే.

ఆబ్జెక్టివ్, ఆబ్‌స్టకిల్, యాక్షన్, బీట్... వీటిని స్క్రిప్టు మీద ఎలా గుర్తించాలి?

ఆబ్జెక్టివ్ అంటే ఈ దృశ్యంలో పాత్రకు ఎదుటివాడి నుంచి కావాల్సింది. 'నేను బాధపడుతున్నాను' అనేది ఆబ్జెక్టివ్ కాదు, అది స్థితి. 'అతని చేత క్షమాపణ చెప్పించుకోవాలి' అనేది ఆబ్జెక్టివ్. అది తీరిందో లేదో దృశ్యం చివర్లో చెప్పగలగాలి. తీరకుండా అడ్డుపడేది ఆబ్‌స్టకిల్. అది ఎదుటి మనిషి కావచ్చు, సమయం లేకపోవడం కావచ్చు, తన పరువే కావచ్చు.

కావాల్సింది రాబట్టడానికి పాత్ర చేసే ఒక్కో ప్రయత్నం యాక్షన్. బతిమాలడం, బెదిరించడం, ఎగతాళి చేయడం, ముద్దుచేయడం ఇలాంటివన్నీ యాక్షన్లే. దీన్ని ఎప్పుడూ ఎదుటివాడి మీద ప్రయోగించగలిగే క్రియగానే రాసుకోవాలి. 'కోపంగా' అని స్క్రిప్టు అంచున రాసుకుంటే గొంతు పెరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. 'తలదించుకునేలా చేయాలి' అని రాసుకుంటే ఏం చేయాలో ఒంటికి తెలుస్తుంది.

ఒక ప్రయత్నం ఫలించక, లేదా ఫలించి, పాత్ర మరో ప్రయత్నానికి మారే చోట బీట్ మారుతుంది. స్క్రిప్టులో ఆ చోట పెన్సిల్‌తో అడ్డగీత గీయండి. రెండు పేజీల దృశ్యంలో ఒక్క గీతా పడలేదంటే మీరు ఒకే రాగం తీస్తున్నారని అర్థం. ప్రతి లైనుకీ గీత పడినా అనుమానించాల్సిందే. మొత్తం నాటకంలో పాత్రను నడిపించే పెద్ద కోరిక సూపర్ ఆబ్జెక్టివ్. దాన్ని మొదటి రోజే తేల్చేయాలని టెన్షన్ పడకండి. దృశ్యాలు నలిగేకొద్దీ అదే బయటపడుతుంది.

కొన్ని స్క్రిప్టుల్లో 'బీట్' అని బ్రాకెట్లో ఉంటుంది. అక్కడ దాని అర్థం చిన్న విరామం, అంతే.

స్వగతం, జనాంతికం, మోనోలాగ్, ఏకపాత్రాభినయం... వీటిని విడదీసి చెప్పండి.

తేడా పట్టుకోవాలంటే ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ మాటలు ఎవరు వినాలి?

వేదిక మీదున్న మిగతావాళ్లకి వినపడనట్టుగా పాత్ర తనలో తాను అనుకునేది స్వగతం. పాత్ర ఒంటరిగా నిలబడి మనసు విప్పే పొడవాటి ప్రసంగాన్ని పాశ్చాత్య నాటకంలో సొలిలొక్వి అంటారు. మోనోలాగ్ అంటే ఒకే మనిషి ఆపకుండా మాట్లాడే పొడవాటి భాగం. వినేవాళ్లు ఎదురుగా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఎదుటి పాత్ర మౌనంగా వింటున్నా అది మోనోలాగే.

సంస్కృత నాటకంలో ఇంకా సూక్ష్మమైన విభజన ఉంది. వేదిక మీద చాలామంది ఉండగా, త్రిపతాక హస్తం (ఉంగరపు వేలు మడిచిన చేతి ముద్ర) అడ్డుపెట్టి, మిగతావాళ్లకి వినపడనట్టు ఇద్దరు మాట్లాడుకోవడం జనాంతికం. పక్కకు తిరిగి ఒకరికి రహస్యం చెప్పడం అపవారితం. వేదిక మీద లేని మనిషితో, 'ఏమంటున్నావు?' అంటూ అతని జవాబును కూడా తానే పలుకుతూ మాట్లాడటం ఆకాశభాషితం.

ఏకపాత్రాభినయం వీటిలాంటి సంభాషణా పద్ధతి కాదు, పూర్తి ప్రదర్శన. ఒకే నటుడు ఒక పాత్రగా మొత్తం అంశాన్ని నడుపుతాడు. ఆడిషన్‌కి మోనోలాగ్ తెమ్మంటే ఏకపాత్రాభినయం అంతా చేసి చూపించే వాళ్లున్నారు. అడిగింది ఒకటి రెండు నిమిషాల ముక్క.

డ్రమాటిక్ ఐరనీ అంటే వెటకారమా?

కాదు. పాత్రకు తెలియనిది ప్రేక్షకులకు తెలిసి ఉండటం. తలుపు వెనక ఎవరో దాక్కున్నారని మనకు తెలుసు, లోపలికొచ్చిన పాత్ర 'ఇంట్లో ఎవరూ లేరు, హాయిగా మాట్లాడుకోవచ్చు' అంటుంది. ఇక్కడ నటుడు చేయాల్సింది ఆ హాయిని నిజంగా అనుభవించడం. తెలిసినట్టు ఏ మాత్రం సూచించినా మొత్తం పోతుంది.

## రిహార్సల్ గదిలో

స్టేజ్ రైట్ అంటే ఎవరి కుడి?

ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడిన నటుడి కుడి. దర్శకుడు ఎదురుగా కూర్చుంటాడు కాబట్టి అతనికి అది ఎడమ వైపు. అయినా సూచన నటుడి లెక్కలోనే ఇస్తాడు. ప్రేక్షకుల వైపు నుంచి చెప్పాల్సి వస్తే హౌస్ రైట్, హౌస్ లెఫ్ట్ అంటారు.

ప్రేక్షకులకు దగ్గరి భాగం డౌన్‌స్టేజ్, దూరంగా వెనక ఉన్నది అప్‌స్టేజ్. ఒకప్పుడు యూరప్‌లో వేదికలు వెనక ఎత్తుగా, ముందుకు వాలుగా కట్టేవారు. ఆ లెక్కలో వెనక్కి వెళ్లడమంటే నిజంగానే పైకి ఎక్కడం. కుడి, మధ్య, ఎడమలను ముందు, నడుమ, వెనక భాగాలతో కలిపితే తొమ్మిది చోట్లు వస్తాయి. మొదటి వారంలోనే వీటిని కాళ్లకు అలవాటు చేయండి. 'డౌన్ లెఫ్ట్' అనగానే కాలు కదలాలి, బుర్ర లెక్క వేయకూడదు.

బ్లాకింగ్ ఒకటి, బిజినెస్ ఒకటి అంటున్నారు. రెండూ కదలికలే కదా?

ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఎటు నడవాలి, ఎప్పుడు కూర్చోవాలి అన్నది బ్లాకింగ్. నిలబడిన చోట చేసే చిన్న చిన్న పనులు, అంటే ఉత్తరం మడవడం, కళ్లద్దాలు తుడవడం వంటివి బిజినెస్. బ్లాకింగ్‌ను పెన్సిల్‌తోనే రాసుకోండి. మూడో రోజుకే సగం మారిపోతుంది. రాసుకునేటప్పుడు కదలిక ఏ మాట దగ్గర మొదలవుతుందో ఆ మాట మీదే గుర్తు పెట్టాలి. పేజీ చివర 'తర్వాత కుడివైపు నడక' అని రాసుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు.

కారణం లేని నడక దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. దర్శకుడు కారణం చెప్పకపోతే మీరే ఒకటి కల్పించుకోండి. ఆయన కూడా ఒక్కోసారి 'అందరూ ఒకే మూలన ఉన్నారు' అన్న కారణంతోనే నడిపిస్తుంటాడు.

'చీట్ అవుట్ చెయ్యి' అన్నారు. ఎవరిని మోసం చేయాలి?

ఎవరినీ కాదు. ఎదుటి పాత్రతో మాట్లాడుతున్నట్టే కనిపిస్తూ, ఒంటిని కాస్త ప్రేక్షకుల వైపు తిప్పమని అర్థం. నిజ జీవితంలోలా ముఖాముఖి నిలబడితే చూసేవాళ్లకి రెండు చెవులు తప్ప ఏమీ కనపడవు. ఇలాంటి ఇంకో రెండు మాటలు: తోటి నటుడు మీ ముందు నుంచి దాటితే, కనపడేలా కాస్త పక్కకు సర్దుకోవడం కౌంటర్. మీరు వెనక్కి జరిగిపోయి, మీతో మాట్లాడటానికి తోటి నటుడు ప్రేక్షకులకు వీపు చూపాల్సిన పరిస్థితి తేవడం అప్‌స్టేజింగ్. దాన్ని తెలియక చేస్తే దర్శకుడు సరిచేస్తాడు, తెలిసి చేస్తే బృందం క్షమించదు.

క్యూ అంటే నా ముందు డైలాగులోని చివరి మాటేనా?

చాలామంది అలాగే నేర్చుకుంటారు, దానివల్లే నటన చచ్చిపోతుంది. క్యూ అంటే మీరు ఏదో చేయడానికి సంకేతం. అది మాట కావచ్చు, తలుపు చప్పుడు కావచ్చు, వెలుగు మారడం కావచ్చు. డైలాగు విషయంలో రెండు క్యూలు ఉంటాయని అనుకోండి. చివరి మాట మీరు నోరు విప్పడానికి గుర్తు. అంతకంటే ముందు, ఎదుటివాడి వాక్యంలో ఏ మాట వినగానే మీ పాత్రకు జవాబివ్వాలనిపించిందో అది అసలు క్యూ. ఊపిరి అక్కడే తీసుకోవాలి. అప్పుడు డైలాగుకీ డైలాగుకీ మధ్య ఆ చిన్న ఖాళీ దానంతటదే పోతుంది. 'క్యూలు పికప్ చేయండి' అని దర్శకుడు అరిచేది ఆ ఖాళీ గురించే. వేగంగా మాట్లాడమని కాదు.

ప్రొజెక్షన్ అంటే గట్టిగా అరవడమే కదా?

అరిస్తే గొంతు పోతుంది, మాట మాత్రం చివరి వరస దాకా వెళ్లదు. ప్రొజెక్షన్‌కి ఆధారం ఊపిరి. పక్కటెముకలు విచ్చుకునేలా, పొట్ట వదులయ్యేలా గాలి తీసుకుని, మెడ బిగించకుండా దాన్ని నిలకడగా వదలాలి. దూరానికి మాట స్పష్టంగా చేరాలంటే హల్లులు సరిగ్గా పడాలి. మనకు వాక్యం చివర క్రియ వస్తుంది, ఊపిరి అయిపోయేదీ అక్కడే. అందుకే 'నేను రాను' అన్నాడో 'నేను రానా' అన్నాడో వెనక వరసకి తెలియక తికమక పడుతుంటారు. వాక్యం చివరి మాట కోసం ఊపిరి మిగుల్చుకోండి. గొంతు మండుతుంటే ఆ పూటకి సాధన ఆపేయండి.

స్తానిస్లావ్‌స్కీ సిస్టమ్, మెథడ్ యాక్టింగ్ ఒకటేనా?

ఒకే మూలం, వేర్వేరు దారులు. రష్యన్ నటుడు, దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ 1898లో నెమిరోవిచ్-డాన్‌చెంకోతో కలిసి మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపించాడు. నటుడికి ప్రేరణ ఎప్పుడో వచ్చేదాకా ఎదురుచూడకుండా, దాన్ని పిలిచే దారి వెతకడం ఆయన జీవితకాలపు పని. పాత్ర ఉన్న దత్త పరిస్థితులు (రచయిత ఇచ్చినవి), 'ఈ పరిస్థితిలో నేనే ఉంటే?' అన్న మ్యాజిక్ ఇఫ్, ఆబ్జెక్టివ్, చివరి దశలో భౌతిక చర్యల పద్ధతి (ఒంటితో చేసే పనుల ద్వారా పాత్ర భావంలోకి వెళ్లడం) ఆయన సాధనాలు.

మెథడ్ అమెరికాలో, ముఖ్యంగా లీ స్ట్రాస్‌బర్గ్ చేతిలో రూపుదిద్దుకుంది. ఆయన నటుడి సొంత జ్ఞాపకాల్లోని భావోద్వేగాలకు పెద్దపీట వేశాడు. అమెరికా నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్‌లో స్తానిస్లావ్‌స్కీతో స్వయంగా పనిచేసి తిరిగొచ్చి, ఆయన ఇప్పుడు జ్ఞాపకం కంటే పరిస్థితులకూ ఊహకూ చర్యకూ ప్రాధాన్యం ఇస్తున్నాడని చెప్పింది. స్ట్రాస్‌బర్గ్‌కీ ఆమెకీ మధ్య ఆ విభేదం చివరిదాకా ఉంది. నెలల తరబడి పాత్రలోనే బతకడం అనే వార్తల మెథడ్‌కీ తరగతిలో నేర్పేదానికీ పెద్దగా సంబంధం లేదు. విద్యార్థులకు నా సలహా ఒకటే. సొంత గాయాలను తవ్వుకునే అభ్యాసం గురువు పక్కన లేకుండా చేయకండి. మ్యాజిక్ ఇఫ్‌తో వచ్చేంత పని దానితో రాదు, పైగా ప్రమాదం ఎక్కువ.

చతుర్విధాభినయాల్లో సాత్త్వికం ఎప్పుడూ అర్థం కాదు. ఆంగికానికీ దానికీ తేడా ఏమిటి?

ఒంటితో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, దుస్తులూ అలంకరణా ఇతర సామగ్రీ ఆహార్యం. ఈ మూడింటినీ కావాలనుకుంటే అప్పటికప్పుడు చేయవచ్చు. సాత్త్వికం అలా కాదు. మనసు పూర్తిగా నిమగ్నమైనప్పుడు శరీరంలో వచ్చే మార్పు అది. భరతుడు ఎనిమిది చెప్పాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం అన్నమాట. చెయ్యి వణికించడం ఆంగికం. వణికించాలని అనుకోకుండానే వణికితే సాత్త్వికం.

భావం, రసం... ఏది నటుడిది, ఏది ప్రేక్షకుడిది?

భావం వేదిక మీద ఉంటుంది, రసం చూసేవాడి అనుభవంలో నిష్పన్నమవుతుంది. విభావ, అనుభావ, వ్యభిచారి భావాల కలయిక వల్ల రసం పుడుతుందని భరతుడి సూత్రం. దీన్ని ఒక దృశ్యంలో చూద్దాం. చీకట్లో అడవి, పులి గాండ్రింపు: విభావాలు, అంటే కారణాలు. పాత్ర కాళ్లు వెనక్కి పడటం, మాట తడబడటం: అనుభావాలు, అంటే బయటికి కనిపించే గుర్తులు. మధ్యమధ్యలో వచ్చిపోయే శంక, దైన్యం వంటివి వ్యభిచారి భావాలు. వీటన్నిటి అడుగున నిలిచి ఉన్న భయం స్థాయీభావం. చూసేవాడికి కలిగేది భయానక రసం. అతను కుర్చీలో హాయిగానే ఉంటాడు, పారిపోడు. అందుకే రసం అంటే భావానికి నకలు కాదు, ఆస్వాదన.

లెక్క అడిగితే: స్థాయీభావాలు 8, వ్యభిచారి భావాలు 33, సాత్త్విక భావాలు 8, మొత్తం 49. రసాలు మొదట ఎనిమిదే. శాంతాన్ని తొమ్మిదోదిగా తర్వాతి ఆలంకారికులు చేర్చారు, అభినవగుప్తుడు దానికోసం గట్టిగా వాదించాడు.

బ్రెహ్ట్ పద్ధతిలో నటుడు భావం చూపించకూడదట, నిజమేనా?

నిజం కాదు. జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్‌కు ఇష్టం లేనిది ప్రేక్షకుడు పాత్రలో కరిగిపోయి, జరుగుతున్నదంతా తప్పదన్నట్టు చూస్తూ కూర్చోవడం. 'ఇలాగే ఎందుకు జరగాలి? వేరేలా జరగొచ్చు కదా?' అని ఆలోచించాలి. దానికోసం అలవాటైనదాన్ని కొత్తగా, వింతగా చూపించే పద్ధతే ఎలియనేషన్ ఎఫెక్ట్. దృశ్యం మధ్యలో పాట, జరగబోయేది ముందే చెప్పే బోర్డు, లైట్లను దాచకుండా కనపడనివ్వడం అందుకు సాధనాలు. రిహార్సల్‌కి ఆయన సూచించిన ఒక అభ్యాసం ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. మీ డైలాగును 'అతను ఇలా అన్నాడు' అని ప్రథమ పురుషలో, భూతకాలంలో చెప్పండి. రంగ సూచనలను కూడా పైకి చదవండి. పాత్రకూ మీకూ మధ్య దూరం ఎంతో అప్పుడు తెలుస్తుంది.

## వేదిక, వెలుగు, సామగ్రి

వేదికలు ఎన్ని రకాలు? వేదిక మారితే నటన మారాలా?

ప్రేక్షకులు ఎటు కూర్చున్నారనేదే అసలు తేడా. ఒకే వైపు కూర్చుని, చట్రం లోంచి చూస్తే ప్రొసీనియం. ఇటలీలోని పార్మా నగరంలో 1618లో కట్టిన ఫర్నేసె నాటకశాలను దీనికి తొలి ఉదాహరణల్లో చెబుతారు. వేదిక ముందుకు పొడుచుకొచ్చి మూడు వైపులా జనం ఉంటే థ్రస్ట్. నాలుగు వైపులా ఉంటే అరీనా. రెండు వరసలు ఎదురెదురుగా కూర్చుని మధ్యలో నాటకం జరిగితే ట్రావర్స్. కుర్చీలను ఇష్టమొచ్చినట్టు అమర్చుకోగల నల్లటి ఖాళీ గది బ్లాక్ బాక్స్.

నటన తప్పకుండా మారాలి. అరీనాలో ఎప్పుడూ ఎవరో ఒకరికి మీ వీపే కనపడుతుంది. అక్కడ ఎక్కువసేపు ఒకేచోట నిలబడకూడదు, వీపు కూడా నటించాలి. ట్రావర్స్‌లో ఎదుటి ప్రేక్షకుల ముఖాలు కూడా దృశ్యంలో భాగమైపోతాయి.

వింగ్స్, ఏప్రన్, సైక్లోరమా ఎక్కడుంటాయి?

వేదికకు రెండు పక్కలా ప్రేక్షకులకు కనపడని చోటు వింగ్స్. ముందు తెరకు ఇవతల, ప్రేక్షకుల వైపు మిగిలిన అంచు ఏప్రన్. వెనక గోడలా పరిచిన లేతరంగు పెద్ద గుడ్డ సైక్లోరమా, దాని మీద వెలుగు వేసి ఆకాశం చూపిస్తారు. పక్కల నిలువుగా వేలాడే నల్ల గుడ్డలు లెగ్స్, పైన అడ్డంగా ఉండేవి బోర్డర్స్. వింగ్‌లో నిలబడి మీరు ప్రేక్షకులను చూడగలుగుతున్నారంటే వాళ్లూ మిమ్మల్ని చూస్తున్నారు.

సేఫ్టీ కర్టెన్ ఎందుకు పెడతారు?

వేదిక మీద మంటలు పుడితే ప్రేక్షకుల వైపు రాకుండా అడ్డుకోవడానికి. 1903లో షికాగోలోని ఇరోక్వా థియేటర్‌లో ఒక లైటు నుంచి తెరలకు నిప్పంటుకుంది. అగ్నిని ఆపాల్సిన తెర దిగుతూ మధ్యలోనే ఇరుక్కుపోయింది, బయటికి పోయే తలుపులు చాలా తెరుచుకోలేదు. 600 మందికి పైగా చనిపోయారు. వింగ్స్‌లో సామాను అడ్డం పెట్టొద్దని, దారులు ఖాళీగా ఉంచమని స్టేజ్ మేనేజర్ కోప్పడితే చాదస్తం అనుకోకండి.

ఫోర్త్ వాల్ పగలగొట్టడం అంటే ప్రేక్షకుల్లోకి దిగి నడవడమా?

దిగనక్కర్లేదు, ఒక్క చూపు చాలు. గది సెట్‌కి మూడు గోడలుంటాయి, ప్రేక్షకుల వైపు నాలుగో గోడ ఉన్నట్టు ఊహించుకుని నటిస్తారు. వేదిక అంచున పెద్ద గోడ ఉందనుకోమని, తెర లేవనట్టే నటించమని ఫ్రెంచ్ రచయిత డిడెరో 1758లోనే రాశాడు. పాత్ర నేరుగా ప్రేక్షకులను పలకరిస్తే ఆ గోడ తొలగినట్టు. ఇదేదో ఆధునిక ప్రయోగం అనుకుంటారు గానీ, ప్రేక్షకులతో నేరుగా మాట్లాడటమే పాత పద్ధతి. గోడ తర్వాత వచ్చింది.

కుర్చీ సెట్‌లోకి వస్తుందా, ప్రాపర్టీలోకా?

కదలకుండా చోటును చూపించేది సెట్. నటుడు చేత్తో పట్టుకుని వాడేది హ్యాండ్ ప్రాప్. కుర్చీ, బల్ల వంటివి సెట్ ప్రాప్స్. ఒంటి మీద ఉన్నంతసేపూ టోపీ దుస్తుల విభాగానిది. దాన్ని తీసి ఎవరి మీదికో విసరాల్సి వస్తే రెండు విభాగాలూ ముందే మాట్లాడుకోవాలి. వింగ్‌లో ప్రాపర్టీ టేబుల్ మీద ఒక్కో వస్తువుకీ గీత గీసి పేరు రాసిన చోటు ఉంటుంది. మీవి కాని వస్తువులను ముట్టుకోవద్దు, మీవి వాడాక అక్కడే పెట్టండి.

లైటింగ్ వాళ్లు వాడే మాటల్లో నటుడికి ఏవి తెలియాలి?

వేదిక మొత్తం సమంగా పరుచుకునే వెలుగు వాష్. ఒక క్షణం కోసం, ఒక చోటు కోసం పెట్టింది స్పెషల్. నెమ్మదిగా పెరగడం, తగ్గడం ఫేడ్. ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరగడం క్రాస్‌ఫేడ్. ఒక్కసారిగా చీకటి బ్లాకౌట్. రంగు కోసం లైటు ముందు పెట్టే పల్చటి కాగితం లాంటిది జెల్.

ముఖం మీద వెలుగు గురించి స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ తొలిపాఠం. నటుడికి చెరో పక్క నుంచి 45 డిగ్రీల కోణంలో రెండు లైట్లు, ఒకటి వెచ్చటి రంగు, ఒకటి చల్లటి రంగు. ముఖానికి లోతు వస్తుంది. నటుడిగా మీరు నేర్చుకోవాల్సింది మీ లైటును ఒంటితో పట్టుకోవడం. వేడి ముఖానికి తగిలే చోటు, లేదా కళ్లకు ఎక్కువ మిరుమిట్లు గొలిపే చోటు మీ చోటు. కళ్లు హాయిగా ఉన్నాయంటే మీరు బహుశా చీకట్లో ఉన్నారు.

## ప్రదర్శన దగ్గరపడ్డాక

టెక్నికల్ రిహార్సల్‌లో మమ్మల్ని ఎవరూ పట్టించుకోరు ఎందుకు?

ఆ రోజు మీది కాదు కాబట్టి. లైట్లు, శబ్దం, సెట్ మార్పులు మొదటిసారి నటులతో కలిసేది అప్పుడే. క్యూ టు క్యూ అంటే మధ్యలో డైలాగులు వదిలేసి ఒక సాంకేతిక మార్పు నుంచి ఇంకోదానికి దూకడం. 'హోల్డ్' అనగానే ఉన్నచోటే ఆగిపోవాలి, మాట్లాడకూడదు. ఒకే ప్రవేశాన్ని పదిసార్లు చేయమంటారు, విసుక్కోకుండా చేయాలి. దుస్తులు, మేకప్‌తో సహా ఆపకుండా నడిపేది డ్రెస్ రిహార్సల్.

స్టేజ్ మేనేజర్ 'స్టాండ్‌బై' అంటే ఏం చేయాలి?

లైటు లేదా సౌండ్ చూసేవాళ్లు చేతిని బటన్ మీద పెట్టి 'స్టాండింగ్ బై' అని బదులివ్వాలి. 'గో' అన్నాకే నొక్కాలి. హెడ్‌సెట్ మీద ఇంకే సందర్భంలోనూ 'గో' అనే మాట వాడకపోవడం మర్యాద. ఎవరో ఒకరు నొక్కేస్తారు.

నటులకు వచ్చే పిలుపుల్లో ఒక తిరకాసు ఉంది. బ్రిటిష్ పద్ధతిలో 'హాఫ్' (అరగంట పిలుపు) అంటే తెర లేవడానికి 35 నిమిషాల ముందు. మొదటి దృశ్యంలో ఉన్నవాళ్లు తెరకు 5 నిమిషాల ముందే తమ చోట్లలో ఉండాలి, లెక్క అక్కడి నుంచి వేస్తారు. ఏ పిలుపు విన్నా 'థాంక్యూ' అని జవాబివ్వండి. విన్నారని వాళ్లకి తెలియాలి.

స్టేజ్ మీద డైలాగు మర్చిపోతే ఏం చేయాలి?

ముందు ఊపిరి వదలండి, బిగబడితే మాట అసలు రాదు. తర్వాత, ఆ క్షణంలో మీ పాత్రకు ఏం కావాలో గుర్తు తెచ్చుకుని, అదే అర్థం వచ్చే సొంత మాట అనండి. తోటి నటుడు మర్చిపోతే అతని డైలాగును ప్రశ్నగా మార్చి అందించండి: 'అంటే, ఉత్తరం నిన్ననే వచ్చిందంటావా?' ప్రాంప్టర్ (పక్క నుంచి డైలాగు అందించేవాడు) ఉంటే, ఆలోచిస్తున్న విరామానికీ మర్చిపోయిన విరామానికీ తేడా అతనికి తెలిసి ఉండాలి. రిహార్సల్స్‌కి రాకుండా షో రోజున పుస్తకం పట్టుకుని నిలబడిన ప్రాంప్టర్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ, మంచి మౌనాలన్నీ పాడవుతాయి.

నవ్వు ఆపుకోలేకపోతే, ఇంగ్లండ్ నటులు దాన్ని కార్ప్సింగ్ అంటారు, తోటివాళ్ల కళ్లలోకి చూడకండి. ఒంటిమీద బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చండి. నవ్వును దగ్గుగా మారిస్తే ఎవరూ నమ్మరు.

కర్టెన్ కాల్‌కి కూడా రిహార్సల్ కావాలా?

కావాలి. నాటకం అయ్యాక నటులంతా వేదిక మీదికొచ్చి ప్రేక్షకులకు నమస్కరించడమే కర్టెన్ కాల్. అందులో ఎవరి తర్వాత ఎవరు వస్తారు, ఎన్నిసార్లు వంగి నమస్కరించాలి, ఎవరిని చూసి అందరూ ఒకేసారి తల ఎత్తాలి అన్నది ముందే ఖరారు చేసుకోవాలి. లైట్లు, సౌండ్ నడిపినవాళ్ల వైపు చెయ్యి చూపించడం మర్చిపోకండి.

స్ట్రైక్ అంటే సమ్మెనా?

కాదు, చివరి ప్రదర్శన అయ్యాక సెట్ విప్పి, లైట్లు దింపి, వేదికను ఖాళీ చేయడం. నాటకం మధ్యలో ఒక వస్తువును వేదిక మీంచి తీసేయమన్నా అదే మాట వాడతారు. మేకప్ తుడుచుకుని ఇంటికి వెళ్లిపోవడం కుదరదు, నటులూ ఉండాలి. మందపాటి బూట్లు, చేతి తొడుగులు తెచ్చుకోండి. పైన పనిచేసేవాళ్లు 'హెడ్స్' అని కేకేస్తే ఏదో కింద పడుతోందని అర్థం. తల ఎత్తి చూడకుండా, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకోండి.

అందరూ వెళ్లాక కొన్ని నాటకశాలల్లో వేదిక మధ్యలో ఒకే ఒక బల్బు వెలిగించి ఉంచుతారు. దాని పేరు ఘోస్ట్ లైట్. దెయ్యాల కథలు చాలా చెబుతారు గానీ, పొద్దున మొదట వచ్చినవాళ్లు చీకట్లో వేదిక అంచు దాటి కింద పడకుండా ఉండటానికే అది.